ప్రొద్దుటూరు కొళాయి నీళ్లు, ఎర్ర నూలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడి ఒక ప్రయోగశాలలో నీటిని పరీక్షించడం నా ఉద్యోగం. ప్రొద్దుటూరులో పెన్న నీరు కొళాయిల్లో వస్తోందనీ, సబ్బు తగిలితే చాలు నురగ పొంగుతోందనీ విన్నాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. సెలవు పెట్టి, సబ్బు ద్రావణం, దాన్ని కొలిచే గాజుగొట్టం, ఒక పెద్ద తగరపు డబ్బా సర్దుకొని రైలెక్కాను.

ఉదయం ఎనిమిదింటికి ముద్దనూరులో దిగి, పోలిక కోసం ముందుగా, సున్నపు నీళ్లకు పేరుబడ్డ పులివెందులకు బస్సులో చేరేసరికి పది దాటింది. పూటకూళ్ల ఇంట్లో బొరుగుల ఉగ్గాని తిని, బస చేసిన సత్రం బావి దగ్గర స్నానానికి కూర్చున్నాను. ఎంత రుద్దినా తెల్లని తరకలే తప్ప నురగ లేదు. నీటిలో కరిగిన సున్నపు లవణాలు సబ్బును విరగ్గొడతాయి, కాఠిన్యమంటే అదే. పరీక్షిస్తే నా ద్రావణంలో సగం ఆ ఒక్క బావికే ఖర్చయింది. అంత కఠినమైన నీటిని నేను అంతకుముందు చూడలేదు. పెన్న నీటితో పోల్చడానికి డబ్బా నిండా పట్టుకున్నాను.

మరునాడు ఉదయం జమ్మలమడుగు బస్సు కండక్టరు ఆ డబ్బాను కాలితో తట్టాడు.

"ఏముంది సారూ, నెయ్యా?"

"నీళ్లు. మీ ఊరివే."

"ఈ నీళ్లకు బయపడి మాకు కోడండ్లే రావడం ల్యా. మీరు డబ్బాకు ఎత్తుకోని పోతాండారా?" అంటూనే లగేజీ టిక్కెట్టు కోశాడు.

జమ్మలమడుగులో భోజనం చేసి, ఒంటిగంటకు ప్రొద్దుటూరు బస్సెక్కాను. నా పక్క మనిషి ఒళ్లో ఇటుకరంగు నూలు మూట ఉంది. ముందు సీటులోని రైతు వెనక్కి తిరిగాడు.

"ఏం మస్తానూ, మళ్లా ఎనక్కి తెస్తాండావే? రంగులో ముంచినావా, బురదలో ముంచినావా?"

"నవ్వుకో మామా. నవ్వేదానికి టిక్కెట్టు ల్యా," అన్నాడతను.

మస్తాన్ ప్రొద్దుటూరులో నూలుకు ఎర్రరంగు వేస్తాడు. చీర అంచులకు ఆ నూలు జమ్మలమడుగు నేతగాళ్లు కొంటారు. తండ్రి కాలం నుంచీ పెరటి బావి నీళ్లతోనే పని. ఆ వానకాలం మొదట్లో వీధికి కొళాయి రాగానే, ఇంక ఎందుకని బావి పూడ్చేశాడు. అప్పటినుంచి ఎరుపు రావడం లేదు.

"తాగేదానికి శానా మంచి నీళ్లే సారూ. నా రంగునే తినేస్తాండాయి. ఆ తెల్లపొడి మందు కలుపుతారు గదా, అదే. రేపటికి సరైన ఎరుపు చూపియ్యకపోతే పని మైదుకూరోళ్లకు ఇచ్చేస్తామన్నారు. ఇంక నేను పొయ్యి ఆర్పుకోవల్సిందే."

"ఏ రంగు వాడతారు?" అని అడిగాను.

"అలిజరిన్."

నేను అతని వైపు తిరిగి కూర్చున్నాను. అలిజరిన్ ఎరుపు పండాలంటే పటికతో పాటు సున్నపు అంశం కూడా కావాలని చదువుకొన్నాను. కళ్లారా ఎన్నడూ చూడలేదు. ప్రొద్దుటూరులో దిగాక బస వెతుక్కోవాలన్న సంగతి మరచి అతని వెంట నడిచాను.

వాకిట్లో అతని భార్య కాశింబీ నన్ను ఎగాదిగా చూసింది. "ఈయప్ప ఎవురు? తిట్టేదానికి ఇంగొక నేతగాడా?"

"నీళ్ల డాకటరు," అన్నాడు మస్తాన్.

"రోగం నీళ్లకా, నీకా?"

సీసాలో పట్టిన కొళాయి నీటిలో ద్రావణం కొద్ది చుక్కలు పడగానే నురగ లేచి, అలాగే నిలిచింది. వానలకు నది నిండుగా పారుతోంది. అంత మెత్తని నీరు చూసి చేతిలోని సీసాను మరోసారి ఊపాను, కేవలం సంతోషంతో. తరువాత ఒక గుండిగలో కొళాయి నీటిని మందు వాసన పోయేదాకా మరిగించి చల్లార్చాము. రెండోదానిలో పులివెందుల నీరు పోశాము. పటిక పట్టించిన నూలు రెండింటికీ ఒక్కటే. రంగూ, మంటా సమానమే.

"ఆ నీళ్లలో పప్పే ఉడకదు. రంగు పడుతుందా?" అని మస్తాన్ గొణిగాడు.

వేడి మెల్లగా ఎక్కింది. సాయంత్రానికి కాశింబీ కట్టెతో నూలు పైకెత్తింది. మందు పోయినా కొళాయి నీటి నూలు ఇటుకరంగే. పులివెందుల నీటిది దానిమ్మ గింజల్లా మెరిసింది. మస్తాన్ దాన్ని పిండి, విదిల్చి, మళ్లీ పిండాడు.

"అయితే దినామూ పులివెందల నుంచి నీళ్లు మొయ్యల్నా సారూ?"

గోడలకు పూసే సుద్ద ఉందా అని అడిగాను. అందులో ఉండేదీ ఆ సున్నపు అంశమే. దాన్ని మెత్తగా నూరి, వస్త్రగాలితం చేసి, మరునాడు తెల్లవారగానే కొళాయి నీటిలో కొద్దిగా కలిపి మూడో గుండిగ పెట్టాము. అదే ఎరుపు వచ్చింది.

"సున్నం పీడ పోయిందని వీదంతా కొళాయికి దండం పెడతాంటే, ఈయప్ప మళ్లా కలపమంటాండాడు," అని కాశింబీ నవ్వింది.

పదకొండింటి ఎర్రగుంట్ల బస్సుకు నేను, జమ్మలమడుగు బస్సుకు మస్తాన్ బయలుదేరాము. తడి నూలు అతని భుజాన కారుతూనే ఉంది. బస్టాండులో అతను ఠక్కున ఆగాడు. జమ్మలమడుగు నుంచి వచ్చిన నేతపెద్ద ఓబులేసు అప్పుడే మైదుకూరు బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. మస్తాన్ నూలు అందించాడు. ఓబులేసు దాన్ని ఎండకు పట్టి చూశాడు. తన తెల్లపంచె కొసకు గట్టిగా రుద్దాడు. పంచెకు మరక అంటలేదు.

"ఎక్కుతావా ల్యా మామా?" అని కండక్టరు అరిచాడు.

"నువ్వు పోప్పా," అని ఓబులేసు కాలు దించాడు.

ఎర్రగుంట్లలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పరీక్షించిన ప్రతి నీటికీ మంచిదనో చెడ్డదనో ఒక్క మాట రాయడం నా అలవాటు. ఇకమీదట ఆ మాటకు ముందు 'దేనికి' అని కూడా రాయాలి. నా తరువాత ఆ దారిన వెళ్లేవారు పులివెందులకు సబ్బు ఎక్కువ తీసుకెళ్లండి. ప్రొద్దుటూరులో అరబిళ్ల చాలు. అక్కడి కొళాయి వీధిలో ఎర్ర నూలు ఆరవేసిన వాకిలి కనబడితే, అది మస్తాన్ ఇల్లే.