కెమెరాకి పెట్టిన బొట్టు

ఆదివారం పొద్దున భవానీపురం రేవులో పడవలు దించే ముందు కెమెరా తలుపు మూస్తాను. రెండుసార్లు టిక్కుమంటుంది. మొదటిది తలుపు, రెండోది దాని మీది చిన్న గడియ. మూసే ముందు ఒక్క క్షణం లోపలి నుంచి రబ్బరు వాసన వస్తుంది, కొత్త హవాయి చెప్పుల వాసన లాంటిది. అది తగలగానే రత్నం మేడం గుర్తొస్తారు. మల్లెపూల వాసనకీ తొలకరి వాసనకీ మనుషులు గుర్తొస్తారని విన్నాను. మా మేడం చెప్పుల వాసనకి గుర్తొస్తారు. ఈ సంగతి చెబితే ఆవిడేమీ బాధపడరు. పూలంటే ఆవిడకి తుమ్ములు.

ఆవిడ మాకు కయాకింగ్ నేర్పారు. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. దాంట్లో ఎక్కి కూర్చున్నట్టు ఉండదు, నడుం నుంచి కిందికి తొడుక్కున్నట్టు ఉంటుంది. మేడం వాళ్లది కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం. బళ్లో పలక పట్టకముందే తెడ్డు పట్టానని చెప్పేవారు. నేను డిగ్రీ మొదటి ఏడాదిలో క్లబ్బులో చేరాను. మొదటి రోజు నన్ను చూసి, "ఈతొచ్చా?" అన్నారు. "మునగడం వచ్చండి, సగం నేర్చుకున్నట్టే" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేను కూర్చున్న పడవని కాలితో ఒక్క తోపు తోసి నీళ్లలో పడేశారు. లైఫ్ జాకెట్ పట్టుకుని పైకి లాగి, "మిగతా సగం రేపు" అన్నారు. నాకంటే తక్కువ మాటల్లో నాకంటే పెద్ద జోకు వేయగల మనిషి ఊళ్లో ఒకరున్నారని ఆ రోజు తెలిసింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడే కొద్దీ మా ఇద్దరికీ ఒకటే గొడవ. "కుడివైపు ఒరుగుతున్నావే" అంటారు ఆవిడ. "నేను నిటారుగానే ఉన్నానండి, కృష్ణే ఎడమకి ఒరిగింది" అంటాను నేను. మూడు వారాలు ఇదే పాట. చివరికి ఒక రోజు తెడ్డు పక్కన పెట్టి, "నీతో వాదించే ఓపిక నాకు లేదు. నీళ్లలో పడ్డా చావని కెమెరా ఒకటి కొంటున్నాం. కమిటీ వాళ్లు సరే అన్నారు. పద" అన్నారు. నా మీద సాక్ష్యం కోసం ఒక సంస్థే కదిలిందని నేను గర్వపడ్డాను. కెమెరా నాకోసమే అనుకున్నాను.

గవర్నర్‌పేటలో కొట్టు. సేల్స్‌మన్ అద్దాల బల్ల మీద ఐదు కెమెరాలు వరసగా పెట్టి, "పదిహేను మీటర్ల లోతు వరకు గ్యారంటీ అండి. చేతిలోంచి జారి బండ మీద పడినా ఏం కాదండి" అన్నాడు. "పదిహేను మీటర్ల లోతుకి నేను పోతే ఫొటోలు తీసేది నేను కాదండి, పోలీసులు" అన్నాను. అతను మర్యాదకి నవ్వాడు. మేడం మాత్రం, "నీళ్లలో పడితే తేలుతుందా?" అని అడిగారు.

"తేలదండి, మునుగుతుంది. లోపలికి నీళ్లు పోవు, అంతే."

"అడుగున పొడిగా కూర్చుంటే ఎవరికండీ లాభం? తేలే తాడేదైనా ఉందా?"

స్పాంజి నింపిన నారింజ రంగు పట్టీ ఒకటి తీసిచ్చాడు. నల్ల కెమెరా చూపించి ఇది అందంగా ఉంటుందన్నాడు. కృష్ణలో నల్లటిది పడితే వెతికేదెవరని మేడం దాన్ని పక్కకి నెట్టారు. తర్వాత ఆవిడ చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. తన సీసాలో నీళ్లు అరచేతుల్లో పోసుకుని, కళ్లు మూసుకుని, కెమెరాలన్నిటినీ తడిచేత్తో తడిమారు. మీట ఎక్కడుంది, నొక్కితే వేలికి తెలుస్తోందా, రికార్డు మొదలైనప్పుడు చప్పుడు చేస్తుందా, ఇవీ ఆవిడ పరీక్షలు. తెర మీద వేలితో రుద్దే కెమెరా తడిచేతికి పలకలేదు. దాన్ని వెనక్కి ఇచ్చేశారు. చివరికి అన్నిట్లోకీ వికారంగా ఉన్నది ఎంచుకున్నారు. సబ్బు పెట్టెకి కన్ను పెట్టినట్టుంది. మీట మాత్రం రూపాయి బిళ్లంత.

"పెట్టె మీద ఏం రాశారో కాస్త చదవండి. కళ్లజోడు మర్చిపోయాను" అన్నారు సేల్స్‌మన్‌తో.

"నెత్తి మీదే ఉంది మేడం" అన్నాను.

ఆవిడ చేత్తో తడిమి చూసుకుని, "అవునే" అన్నారు. తీసి పెట్టుకోలేదు. అతను చదివాడు. నా జోకు బాగా పేలిందన్న సంబరంలో మిగతాది నేను గమనించలేదు. వచ్చేముందు అతను కెమెరా తలుపు తెరిచి, చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ చూపించి, "దీని మీద వెంట్రుక ఉన్నా, ఇసుక రేణువున్నా నీళ్లు దూరిపోతాయండి. మూసే ముందు బాగా చూసుకోండి" అన్నాడు. మేడం తలూపారు.

మర్నాడు పొద్దున రేవు మెట్ల మీద పూజ. మా వైపు కొత్త మిక్సీ వచ్చినా బొట్టు పడాల్సిందే, కెమెరా ఏం తక్కువ. మేడం బ్యాటరీ వేసి, తలుపు తీసి ఉండగానే పసుపు రాసి, అరచేతిలోంచి కుంకుమ తీసి పెట్టారు. "నిమ్మకాయ తొక్కిద్దామా మేడం? చక్రాలు లేవు మరి" అన్నాను. "నోరు తొక్కిస్తా" అని తలుపు మూసి టిక్కుమనిపించారు. కెమెరాని నా పడవ ముక్కుకి, నావైపు చూసేట్టు బిగించారు. బయల్దేరాను. మలుపు తిరిగేటప్పుడు ఎప్పటిలాగే బోల్తా పడ్డాను. నేను పైకి వచ్చాను. కెమెరా కూడా వచ్చింది, కాని దాని కంట్లో నీళ్లున్నాయి.

ఒడ్డున నేనే తలుపు తీశాను. రబ్బరు పట్టీ మీద ఒక మూల ఎర్రటి చుక్క, తడిసి ముద్దయిన కుంకుమ. దాని పక్క నుంచే నీళ్లు దూరాయి. మేడం పక్కనే నిలబడి, సరిగ్గా ఆ మూలకేసే చూస్తూ, "ఏమైందే? ఎక్కడి నుంచి పోయాయి?" అన్నారు. అంత ఎర్ర చుక్క ఆవిడకి కనపడలేదు. నెత్తి మీది కళ్లజోడు, కళ్లు మూసుకుని నొక్కిన మీటలు, కొన్నాళ్లుగా మమ్మల్ని పేర్లు మాని పడవ రంగులతో పిలవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అదే క్షణంలో నాలిక చివరికి ఒక జోకు కూడా వచ్చింది. మంచి జోకు. జీవితంలో మొదటిసారి మింగేశాను.

క్లబ్బు సెక్రటరీ గారు వచ్చి, "ఎవరమ్మా తలుపు మూసింది?" అన్నారు.

"నేనేనండి. సరిగ్గా నొక్కలేదు."

"ఎప్పుడూ వేళాకోళమే నీకు" అని పది నిమిషాలు తిట్టి వెళ్లారు. బొటనవేలితో ఆ చుక్క తుడిచేశాను. మేడం మెట్టు మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని వేలు వాసన చూశారు. కుంకుమ.

"నీ అబద్ధం కూడా కారుతోందే" అన్నారు.

తర్వాత ఆవిడే చెప్పారు. కంటి వెనకాల పొర పాడవుతోందట, కళ్లజోడుతో కుదిరేది కాదట. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదట. "నువ్వు ఒరుగుతున్నావో లేదో నాకు కనపడట్లేదు. తెడ్డు చప్పుడు బట్టి అన్నాను. నిజమో కాదో పెద్ద టీవీలో పెట్టుకుని, దగ్గరగా కూర్చుని చూద్దామనే ఈ కెమెరా. ఇది తెలిస్తే నన్ను ఉంచరే. నీళ్లు తప్ప నాకు ఇంకో పని రాదు."

"ఎవరికీ చెప్పనండి."

"ఇవాళ కెమెరా మునిగింది కాబట్టి అబద్ధం చెప్పావు. రేపు ఒక పిల్ల మునిగితే ఏం చెబుతావు?"

సాయంత్రం ఆవిడే కమిటీ ముందుకి వెళ్లి తలుపు మూసింది తానేనని, తన చూపు సంగతి ఇదని చెప్పారు. తోడు రమ్మని నన్ను తీసుకెళ్లారు, నోరు తెరవకూడదన్న షరతు మీద. పెద్దమనుషులు చాలాసేపు గొంతు సవరించుకున్నారు. చివరికి, నీళ్ల మీద చూడటానికి ఇంకో మనిషి ఉంటేనే ఆవిడ నేర్పాలని తేల్చారు. ఆ మనిషి ఎవరని అడిగితే మేడం చెయ్యి నా భుజం మీద పడింది. ఆ రోజు నుంచి నా సాధన అయ్యాక, రక్షణ పడవలో కూర్చుని పిల్లల తలలు లెక్కపెట్టడం నా పని. తలలు లెక్కపెట్టేటప్పుడు జోకులు నిషేధం.

కొన్నాళ్లకి అదే రకం కెమెరా ఇంకోటి వచ్చింది. మా నాన్నకి చేనేత బట్టల కొట్టు. కొత్త గుడ్డ పీచు రాలుస్తుందని, నలభై ఉతుకులు పడ్డ పాత పంచె ముక్క ఇచ్చాడు. మేడం దాంతో రబ్బరు పట్టీ తుడిచి, కళ్లు మూసుకుని చుట్టూ వేలు నడిపి, అప్పుడు తలుపు మూసేవారు. టీవీలో చూస్తే నేను ఒరుగుతున్న మాట నిజమే, కాకపోతే ఎడమవైపు. ఇద్దరం గెలిచామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆరుగురిని తీసుకున్న జట్టు ఎంపికలో నేను ఏడోదాన్నయ్యాను. "పైనుంచి లెక్కపెడితేగా" అన్నారు మేడం.

ఇప్పుడు ఆవిడ కొల్లేటి పక్క తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. చూపు దాదాపు పోయింది. నేను వారమంతా ఒక పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాస్తాను. అక్కడికి వచ్చేవాళ్లంతా నోరు తెరుస్తారు గాని ఎవరూ నవ్వరు. ఆదివారాలు పిల్లలకి తెడ్డు నేర్పుతాను. పోయిన వారం మూడో కెమెరా వచ్చింది. మేడంకి ఫోన్ చేసి చెప్పాను.

"బొట్టు పెట్టారా?" అన్నారు.

"పిల్లలు కుంకుమ తెచ్చారండి. కెమెరాకి వద్దని అట్టపెట్టెకి పెట్టించాను."

"వినాయకుడికైనా బొట్టు పెట్టి తొమ్మిది రోజులు ఉంచి ముంచుతారే. నేను దాన్ని పావుగంట కూడా ఉంచలేదు" అన్నారు.

ఆ రోజు రేవులో నేను మింగింది ఈ జోకే.

"అది నాది మేడం. ఇన్నేళ్లుగా దాచుకున్నాను."

"తెలుసే. ఆ రోజు నువ్వు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నావు. అంతకుముందు ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు."

నిన్న పొద్దున కెమెరా తలుపు మూసే ముందు, ఎప్పటిలాగే పంచె ముక్కతో తుడిచి, కళ్లు మూసుకుని పట్టీ చుట్టూ వేలు నడిపాను. పచ్చ పడవ పిల్ల పక్కనున్న పిల్లతో, "కళ్లున్నాయిగా, చూసుకోవచ్చుగా" అంది. మంచి జవాబే ఒకటి నాలిక చివరికి వచ్చింది. తలుపు మూసి, గడియ వేసి, తలలు లెక్కపెట్టుకున్నాను.