వెండి అంటిన గుడ్డ

మా ఆయన పటాన్‌చెరులో ఒక వర్క్‌షాపులో మిల్లింగు మిషన్ మీద వెండి దిమ్మెలు చెక్కేవారు. అక్కడి సేటు బొటనవేలు నాకి, పనివాళ్ల మెడల మీద పడ్డ వెండి పొడిని అద్ది తీసుకునేవాడు.

ఒకనాడు సద్ది తీసుకుని వెళ్లేసరికి మా ఆయన వేలు తెగి, నెత్తురు కారుతోంది. కొంగు చింపి కట్టాను. సేటే బండి పిలిచి, దవాఖానకు వెంట వచ్చాడు. దారంతా అతనికి మనసులో దండం పెట్టుకున్నాను.

కంపౌండరు కట్టు కోస్తుంటే సేటు కింద డబ్బా పట్టాడు.

"ఏంది సేటూ గది?" అన్నాడు కంపౌండరు.

"గుడ్డ పారెయ్యకు. కాలిస్తే వెండి దిగుతది."

"వేలు నిలుస్తదో లేదో అడగవా?"

"గది నీ పని."

దేవుడి దయవల్ల వేలు నిలిచింది. మళ్లీ పనిలో చేరిననాడు సేటు ఆ వేలు పట్టుకుని, మానిన గాటులో పొడి ఇరుక్కుందేమోనని గోటితో గీకి చూశాడట.