చేతులు కట్టమన్నాను

ఆ శుక్రవారం వీడియో కాల్‌లో నా కూతురు తలకు తువ్వాలు చుట్టుకుని కనిపించింది. తలంటుకుందేమో అనుకుని, "బాగా తుడుచుకో, జలుబు చేస్తుంది" అన్నాను. అది అమ్మమ్మ వైపు చూసింది. మా అమ్మ ఫోను లాక్కుని, "గుండు చేయించానే, మొక్కుంది" అంది. ఏ మొక్కో నాకు గుర్తు రాలేదు. ఐదో తరగతి చదివే ఆడపిల్లకు, బడి జరుగుతుండగా, ఇప్పుడు గుండేమిటని అడిగేలోపే ఫోను పెట్టేసింది.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి ఏడాది దాటింది. అమ్వాజ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పని. మా ఆయన పచ్చకామెర్లతో పోయాక, కాకినాడ దగ్గర మా ఊళ్లో పిల్లను అమ్మకు అప్పగించి వచ్చాను. ఇల్లు తుడవడం, బట్టలు ఇస్త్రీ చేయడం, ముగ్గురు పిల్లలకు స్కూలు డబ్బాలు సర్దడం. శుక్రవారం మధ్యాహ్నం వాళ్లు బంధువుల ఇంటికి వెళ్తే అప్పుడు నాకు ఫోను.

తర్వాతి రెండు వారాలూ పిల్ల ఫోను దగ్గరికి రాలేదు. ఆడుకోవడానికి పోయిందని ఒకసారి, పడుకుందని ఒకసారి చెప్పింది అమ్మ. మూడోవారం గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపెట్టింది.

"జుట్టు పీకేసుకుంటందే. ఒక్కో ఎంట్రుకా వేలికి చుట్టుకుని లాగేత్తంది. బళ్లో టీచరు పిలిచి బల్ల కింద పోగు చూపించింది. మాడు మీద బోడి పడిపోయింది. పిల్లలు ఏడిపిత్తంటే గుండు కొట్టించేశాను. ఇప్పుడు కనుబొమ్మలు పట్టుకుంది."

"కొట్టావా?"

"కొట్టాను. కొడితే మానుద్దా? నిద్దట్లో కూడా చెయ్యి అక్కడికే పోతంది. పడుకునేటప్పుడు చేతులు కట్టమంటావా?"

నేను ఆలోచించనైనా లేదు. "కట్టమ్మా, మెత్తటి గుడ్డతో కట్టు" అన్నాను. గుడ్డ మెత్తనిదైతే చాలనుకున్నాను. ఫోను పెట్టేసి వెళ్లి బాత్‌రూములు కడిగాను.

కొన్నాళ్లకు అమ్మ ఒక ఫొటో పంపింది. గుండు మీద జుట్టు మొలుస్తోంది, కానీ మధ్యమధ్య నున్నగా తెల్లటి మచ్చలు. ఎడమ కనుబొమ్మ సగం లేదు. వంటింట్లో నిలబడి దాన్నే చూస్తుంటే మేడం వచ్చి ఫోను తీసుకుంది. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి చూసింది. నాకొచ్చిన హిందీలో "పాగల్ హోగయా" అన్నాను. కన్నకూతురికి పిచ్చి పట్టిందని అన్నది నేనే.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "పాగల్ నహీ" అంది. చిన్నప్పుడు ఆమె చెల్లెలు కనురెప్పల వెంట్రుకలన్నీ ఇలాగే పీకేసుకునేదట. మానుతుందని వాళ్లమ్మ వేళ్లకు మిరియాల నీళ్లు పూస్తే, కళ్లు మండి అరిచేదే గానీ మానలేదట. లోపల భయం ఉంటే చెయ్యి అలా చేస్తుందని చివరికి ఒక డాక్టరు చెప్పాడట.

"నీ కూతురితో అక్కడ ఎవరు మాట్లాడతారు?" అని అడిగింది.

నేను గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను. చేతులు కట్టమన్న సంగతి ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ వారమే అమ్మకు ఫోను చేసి కట్లు విప్పెయ్యమన్నాను. "అక్కడ కూచుని ఓసారి కట్టమంటావు, ఓసారి విప్పమంటావు. దీంతో ఏగేది నేను" అని విసుక్కుంది. అందులో అబద్ధమేమీ లేదు.

సెలవు అడిగితే రంజాన్ దగ్గరపడిందని, పండగ అయ్యాక వెళ్లమని సార్ అన్నాడు. ఆ నెలంతా సాయంత్రాలు వచ్చేపోయే వాళ్ల కోసం సమోసాలు వేయిస్తూ, ఈపాటికి రెండో కనుబొమ్మ కూడా పోయి ఉంటుందని అనుకునేదాన్ని.

నేను ఊరు వెళ్లేసరికి ఆ కనుబొమ్మా పోయింది. పిల్ల పరిగెత్తుకు రాలేదు. చుట్టాలొస్తే ఇచ్చినట్టు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. అందుకోబోతే రెండు మణికట్ల మీదా నల్లటి చారలు కనిపించాయి. విప్పమన్నాక కూడా అమ్మ కడుతూనే ఉంది.

కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం చేసే చోటికి తీసుకెళ్లాను. ఎవరైనా చూస్తే పిచ్చిదంటారని అమ్మ రానంది. డాక్టరమ్మ పిల్లతో చాలాసేపు విడిగా మాట్లాడి, తర్వాత నన్ను పిలిచింది. "నాకు చెప్పింది అమ్మకు కూడా చెప్తావా?" అంది. పిల్ల నా వైపు చూడకుండా, ఆమెకే చెప్పింది.

"నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నేను బళ్లో ఉన్నాను. అమ్మ దేశం ఎల్లినప్పుడూ బళ్లోనే ఉన్నాను. ఇంటికెల్లేసరికి అమ్మమ్మ కూడా ఉండదేమోనని బళ్లో అదే గుర్తొత్తది. లాగితే కాసేపు గుర్తురాదు."

నిజమే. ఎదురుగా ఉంటే ఏడుస్తుందని, దాన్ని బడికి పంపించి నేను వ్యానెక్కాను. అందరూ అదే మంచిదన్నారు.

ఇది అల్లరి కాదు, పిచ్చీ కాదు, తిట్టొద్దు, కట్టొద్దు, రెండు వారాలకోసారి తీసుకురండి అంది డాక్టరమ్మ. "మీరు మళ్లీ వెళ్తారా?"

"వెళ్లాలండి."

"అయితే ఇవాళే చెప్పండి, ఏ రోజు వెళ్తారో కూడా."

బస్టాండులో చెప్పాను. "తెలుసు" అంది. ఏడవలేదు. ఊరు చేరేదాకా బస్సులో చెయ్యి తల మీదే ఉంది. నేను ఆపలేదు. బయల్దేరిన రోజు బడి మాన్పించాను. వ్యాను దాకా వచ్చింది గానీ చెయ్యి ఊపలేదు.

ఇప్పుడు మళ్లీ అమ్వాజ్‌లోనే ఉన్నాను. అమ్మ సణుక్కుంటూనే ఆసుపత్రికి తీసుకెళ్తోంది, ఒక్కోసారి ఎగ్గొడుతోంది. చేతులు కట్టడం మానేసింది. కనుబొమ్మలు వచ్చాయి, మాడు మీద ఇంకా రాలేదు. పిల్ల బడి నుంచి వచ్చే వేళకు రోజూ ఫోను చేసుకోమని మేడం అంది. చాలా రోజులు అది ఏమీ మాట్లాడదు.

మొన్న మాత్రం ఎత్తగానే, "ఇయ్యాల పీకేసుకున్నాను" అంది.

ఎందుకే అనబోయి ఆగాను. "చెప్పావుగా, సరేలే. బళ్లో ఏమైంది?"

"లెక్కల టీచరు మానేసింది. ఇంక రాదంట."

"భయమేసిందా?"

"ఊఁ" అంది.

నేను ఫోను పెట్టెయ్యలేదు. మేడం పిలిచేదాకా ఇద్దరం ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉన్నాం.