సత్యమ్మకు రావలసిన తలుపు

తలుపు ఊడబెరికిన రోజున సత్యమ్మ ఏడవలేదు. ఏడుస్తుందనే ఊరు గుమిగూడింది.

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కనే ఆమె ఇల్లు. మామ బతికుండగా బోరు మోటరు కోసం సహకార సంఘంలో అప్పు తెచ్చాడు. బోరులో దుమ్ము లేచింది, మామ పోయాడు, అప్పు మాత్రం మిత్తి తింటూ బలిసింది. తొంభై ఎనిమిది ఎండాకాలంలో వసూలుకు వచ్చినవాళ్లకు ఆ ఇంట్లో పట్టుకుపోదగ్గది టేకు తలుపొక్కటే కనిపించింది. జీపు చప్పుడు వినగానే మొగుడు గౌరయ్య పెరటి దారిన చేనుకు పోయాడు. గడపలో సత్యమ్మే నిలబడింది.

"పక్కకు జరుగమ్మా, జప్తు" అన్నాడు సంఘం గుమస్తా చక్రపాణి.

"ఊరి పటేల్ బాకీ మాకంటె పెద్దది గద సారూ. ఆయన తలుపు దీసిన్రా?"

"గది మస్తు బరువుంటదమ్మా" అన్నాడు వెంట వచ్చిన బంట్రోతు. నవ్వులాటకే అన్నాడు. కాని ఈ దేశపు న్యాయం గురించి అంతకంటే నిజమైన మాట ఏ చదువుకున్నవాడూ చెప్పలేదు.

జీపు పోయాక పక్కింటి రుఖియా పాత దుప్పటి తెచ్చింది. "పర్దా కట్టుకో అక్కా. వచ్చిపోయేటోళ్లందరు జూస్తున్నరు."

"సూడనీ. సిగ్గు వడాల్సింది నేనా, పీకినోళ్లా?"

పర్దా కట్టలేదు. రోజూ గడపకు పసుపు రాసి ముందర ముగ్గేసింది. రాత్రిళ్లు గడపకు అడ్డంగా మంచం వేసుకుని, పక్కన కట్టె పెట్టుకుని పడుకుంది. రోడ్డున పోయే బస్సుకు పొయ్యితో సహా ఇల్లంతా కనబడేది. సంఘం జీపుకూ కనబడేది. కొన్నాళ్లకు చక్రపాణి చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

సంఘం ఎన్నికలు వచ్చాయి, పటేల్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. పటేల్ మనిషి వచ్చి "ఓటెయ్యి, రేపటికల్ల తలుపు ఇంట్లుంటది" అన్నాడు. గౌరయ్య ఆశగా పెళ్లాం మొహంలోకి చూశాడు.

"అప్పు కట్టి తెచ్చుకుంట. ఓటుకొచ్చిన తలుపు ఓటుకే పోతది" అందామె.

ఆ మనిషి పోయాక గౌరయ్య గొణిగాడు. "నీ పొగరుతోని ఇంట్ల కుక్కలు జొరవడుతున్నయ్."

"కుక్కలన్న ఇంట్లుంటున్నయ్. జీపు సప్పుడింటె నువ్వుంటవా?"

ఆ మాట గౌరయ్యకు ముల్లులా దిగింది. మర్నాడే దూలపల్లి పోయి ఓ ఫ్యాక్టరీలో మూటలు మోసే కూలికి కుదిరాడు. ఆమె పరాయివాళ్ల ద్రాక్షతోటల్లో పనిచేస్తూ, తన మడిలోని పాలకూర, కొత్తిమీర గంపకెత్తి అంగడికి మోసింది. మూడో ఏడు అసలూ మిత్తీ తీరిపోయాయి.

చక్రపాణి రసీదు చేతికిచ్చి "తలుపు గోదాంల ఉన్నది, తీస్కపో" అన్నాడు.

"నేనెందుకు మోస్త? దీసినోళ్లే తెచ్చి పెట్టాలె."

"తీసేతందుకు రూలున్నది. పెట్టేతందుకు రూలు లేదమ్మా."

"అయితె గిప్పుడు బాకీ ఎవరిది సారూ?"

ఆ వారం నుంచి అంగడి అయిపోగానే ఖాళీ గంపతో వచ్చి సంఘం ఆఫీసు గడపలో కూర్చునేది. వసూలు ఎలా చేయాలో ఆమెకు వాళ్లే నేర్పారు. గొంతు కూడా వాళ్లదే పెట్టింది. "ఏం సారూ, ఎప్పుడిస్తరు? మళ్ల వాయిదానా? ఇజ్జత్ లేదా?" అప్పులకు వచ్చిన రైతులు మొదట్లో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. తర్వాత రుమాళ్లు తీసేసి నవ్వారు. ఒకసారి చక్రపాణి వెనక తలుపు నుంచి జారుకుంటుంటే పట్టుకుంది.

"మా ఇంటాయన గూడ గట్లనే పోయెటోడు సారూ. ఏం ఫాయిద లేదు."

చివరికి ట్రాక్టరు ట్రాలీలో తలుపు వచ్చింది. వెంట చక్రపాణి, ఆనాటి బంట్రోతు, వడ్రంగి ఓదెలు. గోదాములో చెదలు ఒక అంచు తినేశాయి. ఓదెలు ఆ మేర చెక్కేసి, కొత్త చెక్క అతికి బిగిస్తుంటే, తలుపు జారకుండా భుజం ఆనించింది గౌరయ్యే. ఈసారి అతను చేనుకు పోలేదు.

పనైపోయిందనుకుని చక్రపాణి ట్రాక్టరు వైపు తిరిగాడు. సత్యమ్మ లోపలికి పోయి తలుపేసి గడియ పెట్టింది.

"గిదేందమ్మా?"

"తలుపు గొట్టు సారూ. అప్పుడు గొట్టకుంటనే వచ్చిన్రు."

చక్రపాణి అటూ ఇటూ చూశాడు. రుఖియా కొంగు నోట్లో కుక్కుకుంది. గౌరయ్య మీసం దువ్వుకుంటున్నాడు. బంట్రోతు ట్రాక్టరు చక్రాన్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. వేళ్ల కణుపులతో మెల్లగా కొట్టాడు చక్రపాణి.

"ఎవరు?"

"నేను... చక్రపాణిని."

గడియ తీసింది. చేతిలో చెంబు నిండా మజ్జిగ.

"రాండ్రి సారూ, లోపల కూసోండ్రి. ఎండల వడి వచ్చిన్రు, జర సల్ల తాగుండ్రి."