ఊక మేసిన చేపలు

మా కుంటల చేపలు తిన్నకొద్దీ సన్నబడ్డయి. గందుకే నేను, మా అత్త పట్నం పోయినం. సోకుకు కాదు, కొట్లాటకు.

పొద్దుగాల వికారాబాద్‌ల ప్యాసింజర్ ఎక్కినం. మీరు పోతే ముందు డబ్బల ఎక్కుండ్రి, నాంపల్లిల గేటు దగ్గర పడ్తది. బొగ్గు నుసి మాత్రం కండ్లల్ల పడ్తది. నా చేతిల తడిగుడ్డల చుట్టిన రవ్వ చేప. అత్త సంకల తౌడు మూట, దాని మీద చాట. చాటెందుకత్తా అంటే, పల్లీలు కొంటే చెరగనీకి అన్నది.

శంకర్‌పల్లిల ఎక్కిన పెద్దమ్మ ముక్కు మూసుకున్నది. "ఏం బిడ్డా, చేప చుట్టాలింటికా?"

"దవాఖానకు తీస్కపోతున్న పెద్దమ్మా."

డబ్బంత నవ్విన్రు. నాకు నవ్వు రాలే. కుంట గుత్తకు పట్టినం. ఎండలు ముదిరి నీళ్ళు ఇంకేలోపల చేపలు బలవాలె, లేకుంటే ఏడాది కష్టం బురదల పోతది. మా ఆయన నాంపల్లిల కొని తెచ్చిన తౌడు రోజూ గంపలకు గంపలు ఏసినం. తలకాయలే పెరిగినయి, ఒళ్ళు లేదు.

నాంపల్లిల దిగి స్టేషన్ బయట చాయ్ తాగి, అబిడ్స్ మీదికెళ్ళి గన్‌ఫౌండ్రీల ఉన్న చేపల ఆఫీసు దాకా నడిచినం. రిక్షా వద్దన్నది అత్త. అబిడ్స్‌ల అద్దాల దుకాణాలు, చీరలు కట్టిన బొమ్మలు. నేను వాటిని చూసుడేమో గానీ, చేప వాసనకు జనమంత నన్నే చూసిన్రు.

చేపల ఆఫీసుల సారు కోస్తా ఆయన. బ్లేడుతోని చేప కడుపు కోసిండు. పేగుల నిండ పొట్టే.

"ఇదంతా ఊకేనమ్మా, ఉత్త పీచు. చేపకి అరగదు. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. మిగిలింది అడుగున కుళ్ళి నీళ్ళు కూడా పాడుచేస్తుంది."

"మీరే గద సారూ తౌడెయ్యమన్నది?" అన్న నేను.

"తౌడు వెయ్యమన్నామండీ, ఊక కాదు."

"ఏ తౌడో జర చెప్పొద్దా మరి?"

సారు కళ్ళద్దాలు తుడుసుకున్నడు. నాకు ఒళ్ళు మండింది.

మళ్ళ నాంపల్లికి, తౌడు దుకాణానికి. సేటు తెల్లబట్టలేసుకొని గద్దె మీద కూసున్నడు. అత్త దుకాణం ముంగట కూసొని, మూట విప్పి, చాటల పోసి చెరగబట్టింది. ఊకంత లేచి సేటు మీద, గద్దె మీద, ఆయన చాయ్‌ల పడ్డది.

"అరె, ఏందమ్మా గిది!"

"నీ ఊక నువ్వే ఉంచుకో," అన్నది అత్త.

"మా చేపలను సంపుదామనుకున్నవా?" అని నేను లేచిన. మంది జమైన్రు.

సేటు మీసాలు దులుపుకున్నడు. "అమ్మా, గిది చిన్న మిల్లు తౌడు. ఊక, తౌడు కలిసే పడ్తయి. బర్రెలకు కొంటరు. మీ ఆయనకు పెద్ద మిల్లు మెత్తటి తౌడు కూడ చూపెట్టిన. 'మా బర్రెలు గిదే తిని బలిసినయి, చేపలకేం రోగం?' అన్నడు."

మందంత నవ్విన్రు. నా కోపం యాడికి పోవాల్నో తెల్వక నెత్తికెక్కింది. బర్రె నెమరేస్తది, చేప యాడ నెమరేస్తది? గంత తెల్వదా మనిషికి? అయినా సేటును ఇడ్వలే. "చేపలకని తెలిసి ఎట్లిచ్చినవు?" అంటే చాయ్‌ల పడ్డ ఊక ఏరబట్టిండు.

మెత్తటి తౌడు ఒక్క బస్తా కొన్నం. అంతకు మించి మాతోని కాలే. మీరు కొంటే పిడికెడు నీళ్ళల్ల ఏసి చూడుండ్రి, ఊక పైకి తేల్తది.

పొద్దూకే బండికి తిరిగొచ్చినం. బస్తా కాళ్ళ కిందనే పెట్టుకున్నం.

"ఒక్క బస్తా అన్ని చేపలకు యాడ సాల్తదత్తా?"

"సాలదు. రేపే వలేసి సగం తీసేద్దాం, ఎంతొస్తే అంత. మిగిలినయన్న బలుస్తయి." బస్తా మూతి గట్టిగ కట్టి, "నా కొడుకును నువ్వేమనకు పిల్లా, నేనంట," అన్నది.

"నువ్వే అను అత్తా. నువ్వన్నంక నేనంట."

అబిడ్స్ ఎట్లున్నదని ఊళ్ళె అడుగుతరు. నాకు యాదికున్నది సేటు మీసాల మీది ఊకొక్కటే. రేపు వల గుంజెటోడు మా ఆయనే. గా పెద్ద తలకాయల చేపలను ఒక్కొక్కటి చేతిలకు తీస్కొని చూడనియ్యి అనుకుంట, లింగంపల్లి దాటినా పండ్లు కొరుకుతనే ఉన్న.