సేనాపతి పక్కన వేషం

మొన్న మా అమ్మాయి కొత్త టీవీ ముందు కూర్చుని, ఏ జానర్ సినిమా పెట్టమంటావు నాన్నా, హారరా, కామెడీయా, థ్రిల్లరా అని అడిగితే నాకు నవ్వాగలేదు. మా నర్సీపట్నంలో సినిమా జాతిని తేల్చేది మైకు రిక్షా ఎక్కి వీధివీధీ తిరిగే ప్రచారకుడు. మీకూ గుర్తుండే ఉంటుంది: దేవుళ్లుంటే పౌరాణికం, కత్తులుంటే జానపదం, తులసికోట దగ్గర ఎవరైనా ఏడిస్తే సాంఘికం, గళ్ల లుంగీవాడు కనిపిస్తే క్రైం. తారాగణం చదివేటప్పుడు కథానాయకుడికి ఒక గొంతు, కథానాయికకు మరో గొంతు, ప్రతినాయకుడికి ఒక దగ్గు. ఆ దగ్గు వినపడితే చంకలో పిల్లలు పాలు తాగడం మానేసేవారంటే మీరు నమ్మాలి; నమ్మకపోయినా నేను మార్చను.

మా చిన్నాన్నకు రోలుగుంట సంబంధం కుదిరి, ముహూర్తం కూడా పెట్టుకున్న రోజుల్లో చింతపల్లి ఘాట్ కింద ఒక జానపదం షూటింగు జరిగింది. యుద్ధానికి మనుషులు కావాలంటే చిన్నాన్న వెళ్లి, తిరిగొచ్చి, సేనాపతి పక్కన వేషం వేశానని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. కానీ మా ఊళ్లో మాట మూడిళ్లు దాటితే మనిషికి పదవి పెరుగుతుంది కదా, బొమ్మ ఊళ్లోకి వచ్చేసరికి చిన్నాన్నే సేనాపతి అయిపోయాడు. ప్రచారకుడైతే కథానాయకుడి తరువాత ఆయన పేరే చదివాడు. అది విని పెళ్లివారు ఎడ్లబళ్లు కట్టించుకుని, పిల్లతో సహా హాలు ముందు దిగారు.

తెర మీద సేనాపతి గుర్రం పక్కన శవాలు పడి ఉన్నాయి. వాటిలో అందరికంటే ముందున్న శవం మా చిన్నాన్న. అంతటితోనైనా ఊరు ఊరుకునేదేమో. ఈగ వాలింది, శవం ముక్కు గోక్కుంది. హాలు నవ్విన నవ్వుకి రేకుల మీది కాకులు లేచి నక్కపల్లిలో వాలాయి. చాలదన్నట్టు నేల టికెట్ల వాళ్లు ఈలలేసి ఆ రీలు మళ్లీ వేయించారు. శవం మళ్లీ గోక్కుంది. ఆడవాళ్ల వైపు నుంచి అందరికంటే గట్టిగా వినిపించిన నవ్వు పెళ్లికూతురిదే. ఈగ నిజంగానే కుట్టింది మావా అని చిన్నాన్న గొణిగాడు గాని, పిల్ల తండ్రి కండువా దులుపుకుని లేచి, ఆయన్ని దాటి మా తాతతోనే అన్నాడు:

"సచ్చినోడికి పిల్లనెలాగిత్తాం బావా? పోనీ, సావడమైనా సరిగ్గా సావనేదు."

ముహూర్తం మంచిదని, దాన్ని పాడుచెయ్యడమెందుకని, అదే వేళకి ఆ పిల్లని మైకు ప్రచారకుడికిచ్చి చేశారు. పెళ్లి కబురు మా వీధిలో కూడా రిక్షా మైకులోనే వినిపించింది. వధువుకొక గొంతు, వరుడికొక గొంతు. చిన్నాన్న గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాడు. ఆ తరువాత ఏ సంబంధం వచ్చినా, మాటలు పూర్తికాకముందే మా వీధివాళ్లెవరో బేగి పోయి ఆ పెళ్లివారికి ముక్కు గోకి చూపించి వచ్చేవారు. ఆయన బ్రహ్మచారిగానే పోయాడు.

ఆ హాలిప్పుడు సిమెంటు గోడౌను. ఈ రోజుల్లో ఒక మనిషి పరువు తియ్యాలంటే, ముఖమైనా తెలియనివాడెవడో మంచం మీద పడుకుని బొటనవేలు కదిపితే చాలట. మేమలా కాదు, ఊరంతా తలంటుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, క్యూలో నిలబడి టికెట్టు కొనుక్కుని, పక్కపక్కనే కూర్చుని తీసేవాళ్లం. అంత శ్రద్ధ ఇప్పుడెవరికుంది.