వైసు కట్టుకున్న పంచె

నా పరువు నేనే నా చేతులారా బిగించి, పిడి తిప్పి మరీ తీసుకున్న సంగతి ఒకటి చెబుతాను. ఇది విని నవ్వకుండా ఉన్న మనిషిని ఇన్నేళ్ళలో ఒక్కరినే చూశాను. ఆయన మా మామగారు. మీరు ఆయనంతటి వారు కానక్కర్లేదు, నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. దొరలు దేశం వదిలి ఏడెనిమిదేళ్ళయింది. మదరాసులో హార్బరు దగ్గర ఒక కంపెనీలో గుమాస్తాను. వేళ్ళకు సిరా తప్ప మరొకటి అంటని ఉద్యోగం. అలాంటివాడికి పాత వైసుల పిచ్చి పట్టింది. వైసంటే తెలుసుగా, బల్ల అంచుకు బిగించి ఉంటుంది. రెండు ఇనుప దవడలు, ముందొక పిడి. పిడి తిప్పితే లోపలి స్క్రూ తిరిగి దవడలు దగ్గరపడతాయి, మధ్యలో పెట్టిన వస్తువు ఇక కదలదు. ఆ రోజుల్లో దొరల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే వాళ్ళ వర్కుషాపుల సామానంతా మూర్ మార్కెట్టు చుట్టుపక్కల పాత ఇనుము అంగళ్ళలోకి వచ్చి పడేది. జనం ఆ వైపు పాత పుస్తకాలకూ గ్రామఫోను పెట్టెలకూ పోతే, నేను వైసులకు పోయేవాణ్ణి. తెచ్చి, కిరసనాయిలులో నానబెట్టి, తుప్పు గీకి, రంగు వేసి, పెరంబూరులో మా అద్దె ఇంటి వసారాలో వరసగా కూర్చోబెట్టేవాణ్ణి. తొమ్మిదయ్యాయి. వాటిలో ఒక్కదానితోనైనా ఒక మేకును పట్టించిన పాపాన పోలేదు.

పనిముట్టుకు పని చెప్పకుండా చూసుకుంటూ కూర్చోవడంలో ఏం సుఖమని మీరు అడగవచ్చు. రోజంతా ఎవరో రాసిన ఉత్తరాలకు నకళ్ళు రాసేవాడికి, సాయంత్రం చేతిలో బరువైనదేదో ఒకటి ఉండాలనిపిస్తుంది. ఇంత మాట అప్పుడు చెప్పడం చేతకాక "అందంగా ఉండాయి గదా" అనేవాణ్ణి. మా ఆవిడ పద్మ, పెళ్ళై ఏడాదే అయింది, "పిల్లలు పుడితే వాటిని పట్టుకోని నడక నేర్చుకుంటారు లెండి" అనేది.

మా మామగారికి చూళైలో ఒక షెడ్డు ఉండేది. అచ్చు యంత్రాలకు అరిగిపోయిన భాగాలు చేసి ఇచ్చే పని. షెడ్డు వెనకే ఇల్లు. ఏడుగురు పనివాళ్ళు, వాళ్ళలో పెద్ద వేలాయుధం మేస్త్రి. మామగారు మితభాషి, అబద్ధం ఆడడం తెలియని మనిషి. "మీ మిషనుకు ఏమీ రోగం లేదు, నూనె పోసుకోండి" అని వచ్చిన బేరాన్ని వాకిట్లోంచే తిప్పి పంపేవారు. ఆయనకు నేనంటే అయిష్టమేమీ లేదు. నా వేళ్ళంటేనే నమ్మకం లేదు.

ఒక ఆదివారం ఆ షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనుప దిమ్మె ఒకటి నా కంటపడింది. వంగి చూద్దును గదా, అది వైసు. నా తొమ్మిదీ కలిపినా దాని హుందాతనానికి సరిపోవు.

"మామా, ఇది ఎవరిది?"

"మా నాయనది. షెడ్డు పెట్టినప్పుడు కొన్న మొదటి సామాను. పట్టేసి పదేండ్లయింది. తిరగదు."

"నేను తిప్పుతా."

"మీరా?" అని ఆయన నా ముఖం కాదు, వేళ్ళు చూశారు.

"ఆయుధ పూజ దినం నలుగురి ముందర తిప్పి చూపిస్తా."

"చూపిస్తే, విజయదశమి దినం మీ ఇంటికే ఎత్తుకోని పొండి మాప్ళే. పదేండ్లుగా ఈడ వాకిలి కాస్తా ఉండాది. ఆడన్నా కూర్చోనుంటుంది." అల్లుణ్ణి మాప్ళే అనడం అక్కడి వాడుక.

ఆ వైసు నాకు కావాలి. నిజమే. కానీ అంతకన్నా, ఆయన నా వేళ్ళను చూసిన ఆ చూపు మారాలి. ఆ రెండూ ఒకే దెబ్బకు జరిగే అవకాశం వచ్చిందని పొంగిపోయాను.

బాగుచేయడానికని దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. మూడు వారాలు వసారాలోనే కాపురం. నానబెట్టాను, గీకాను, తట్టాను, బతిమాలాను. చివరికి స్క్రూ కదిలింది. ఆ రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. ఒంటికంతా ఆకుపచ్చ ఎనామెలు రంగు పూశాను. అంచులకు పసుపు గీతలు. స్క్రూ ఒక్కటే బోసిగా కనిపించింది. దానికి ఎర్ర రంగు పూశాను. మళ్ళీ చెబుతున్నాను, స్క్రూకు, దాని చుట్ల మధ్య సందుల్లోకి కూడా, కుంచె దూర్చి మరీ. నూనె తగిలితే రంగు చెడుతుందని నూనె చుక్క వేయలేదు. చదివేవాళ్ళలో పనివాళ్ళు ఉంటే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మదరాసులో ఆయుధ పూజంటే ఆషామాషీ కాదు. మిషన్లు మొదలు వంటింటి కత్తిపీట దాకా పనిముట్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, పూజలో ఉంచుతారు. హారతి పట్టాక మర్నాటి పొద్దున దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఏడాదికి ఒకనాడు వాటికి సెలవు.

ఆ పొద్దున్నే వైసును రిక్షాలో ఎక్కించుకుని వెళ్ళాను. వేలాయుధం మేస్త్రి దాన్ని బల్లకు బిగించాడు.

"రొంబ జోరుగా ఉండాది మాప్ళే సార్. కానీ రంగు ఇంకా పచ్చిగా ఉన్నట్టుండాదే."

"ఎండకు ఆరిపోతుంది మేస్త్రీ."

అందరూ చుట్టూ చేరారు. నేను పెళ్ళికి అత్తవారు పెట్టిన జరీ అంచు పంచెలో పెళ్ళికొడుకులా ఉన్నాను. పచ్చి రంగు పంచెకు అంటుతుందేమోనని అంచును ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాను. అదే చేత్తో పూజ పళ్ళెంలోంచి తమలపాకు ఒకటి తీశాను.

"చూడండి. ఈ ఆకు చిరగకూడదు, జారకూడదు. అంత నాజూగ్గా పట్టుకుంటుంది" అని దవడల మధ్య పెట్టి, కుడి చేత్తో పిడి తిప్పాను. తిరిగింది. పదేళ్ళుగా తిరగనిది వెన్నలా తిరిగింది. పనివాళ్ళు ఓహో అన్నారు. ఆ ఓహో విని నాజూకు సంగతి మరిచిపోయి ఇంకో చుట్టు బిగించాను. ఆ ఊపులో ఆకుతో పాటు ఇంకేం లోపలికి పోయిందో చూసుకోలేదు.

గంట మోగింది. అందరూ చేతులు జోడించారు. మామగారు ప్రతి మిషనుకూ గంధం పెట్టుకుంటూ వచ్చి, వైసు ముందు ఒక్క క్షణం ఎక్కువ ఆగారు. వాళ్ళ నాయనను తలుచుకున్నారనుకుంటాను. కర్పూరం వెలిగించి హారతి ఇచ్చారు. కళ్ళకద్దుకుందామని ఒక అడుగు వేయబోతే నడుము దగ్గర ఎవరో పట్టి లాగినట్టయింది. వంగి చూశాను. జానెడు జరీ అంచు దవడల మధ్య ఉంది.

"ఇంక రేపు పొద్దున దాకా ఎవరూ చెయ్యి పెట్టగూడదు" అన్నారు మామగారు.

దిష్టి గుమ్మడికాయ కొట్టడానికి అందరూ వీధిలోకి నడిచారు.

"మాప్ళే, రండి."

"మీరు పొండి మామా."

"కాయ కొట్టేటప్పుడు ఇంటల్లుడు ఉండాల గదా."

"నేను ఈడనుంచి కదల్లేను మామా."

ఇంతకన్నా నిజమైన మాట నా జన్మలో అనలేదు. ఆయన నన్ను, నేను ఆనుకుని నిలబడ్డ వైసును, మార్చి మార్చి చూశారు. వాకిట్లో ఉన్న మేస్త్రిని వెనక్కి పిలిచారు.

"చూడండి మేస్త్రీ. ఇన్నాళ్ళు నేను ఈయన్ను కాయితాల మనిషి అనుకున్నా. నాదే తప్పు."

నేను కోరుకున్న చూపు అదే. వచ్చింది. అది పంచె చిక్కుకున్నందుకు వచ్చిందని నాకొక్కడికే తెలుసు. సంతోషించాలో ఏడవాలో తెలియక దండం పెడుతూ నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చి నా చేతిలో బొరుగులు, గుగ్గిళ్ళు పెట్టి, దేవుడి ముందునుంచి తప్పుకున్నట్టు వెనక్కి నడిచి పోయారు.

అందరూ భోజనాలకు ఇంట్లోకి వెళ్ళాక పద్మ వచ్చింది.

"ఆకు వేసినారు. మీ తపస్సు అయిందా?"

వేలితో చూపించాను. ఆమె చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు చాలాసేపు అదిరాయి.

"నవ్వింది చాలు. కత్తెర తీసుకోని రా."

"కత్తెర పూజలో ఉండాది."

"కత్తిపీట?"

"అదీ పూజలోనే. నాయన గడ్డం గీసుకునే కత్తి గూడా."

"పక్కింట్లో అడుగు."

"వాళ్ళదీ పూజలోనే గదండీ. ఈ పొద్దు ఊరంతా వెదికినా దారం తెంపే దానికి గూడా ఏమీ దొరకదు. నాయన లుంగీ తెస్తా, కట్టుకోని బయటికి రండి."

"పంచె?"

"దాని దగ్గరే ఉంటుంది."

"రేపు పొద్దున ఏడుగురూ వచ్చి చూస్తారు పద్మా. మీ నాయన గూడా చూస్తారు. వైసు పంచె కట్టుకోని ఉంటే నా బతుకేంగాను?"

ఆలోచించిన కొద్దీ ఒకటే దారి కనిపించింది. అర చుట్టు తిప్పితే చాలు. ఎవరికీ తెలియదు.

"వద్దండీ. నాయన ముప్పై ఏండ్లలో ఒక్కసారి గూడా ఈ దినం దేన్నీ ముట్టుకోలేదు" అంది పద్మ.

నేను ముట్టుకున్నాను. పిడి కదల్లేదు. రెండు చేతులతో పట్టి వేలాడాను. ఉహూఁ. పొద్దున వెన్నలా తిరిగింది పచ్చి రంగు మీద. బిగించాక, షెడ్డు రేకుల వేడికి ఆ రంగే చుట్ల మధ్య జిగురై ఆరిపోయింది. పాపం మూటగట్టుకున్నాను, పంచె మాత్రం రాలేదు. అలా పిడికి వేలాడుతుండగా గుమ్మంలో మామగారు.

"చెయ్యి తియ్యండి మాప్ళే."

తీశాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. తమలపాకు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. కదల్లేనన్నది భక్తి కాదని కూడా చెప్పాను. అదే అన్నిటికన్నా కష్టమైంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ తాకకుండా వంగి చూశారు.

"స్క్రూకు రంగు పూసినారా?"

"అవును మామా."

"నూనె?"

"రంగు చెడుతుందని వెయ్యలేదు."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. "రంగు చూసేవాళ్ళకు మాప్ళే. నూనె తిప్పేవానికి. మీరు దీన్ని ఎవరి కోసరం బాగుచేసినారు?" అన్నారు. జవాబు ఆయన కోసం కాదు, నాకోసం కూడా కాదు, ఆ ఓహో కోసం. ఆ మాట నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, వినడానికి ఆయన లేరు.

పద్మ తెచ్చిన లుంగీ కట్టుకుని బయటపడ్డాను. పంచె అక్కడే వేలాడింది.

మర్నాడు పొద్దున పనివాళ్ళు వచ్చే వేళకు నేను ఇంట్లో తలుపు వెనక నక్కాను. షెడ్డులో మాటలు ఒక్కసారిగా ఆగిపోవడం వినిపించింది.

"మొదలాళీ, ఏందిది?" యజమానిని అడుగుతున్న వేలాయుధం మేస్త్రి గొంతు.

నేను కళ్ళు మూసుకున్నాను. మామగారి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయనకు అలవాటు లేని పని అది.

"వస్త్రం," అన్నారు. "మా మాప్ళే వాళ్ళింట్లో ఆచారం. పెద్ద పనిముట్టుకు కొత్త వస్త్రం సమర్పిస్తారు."

"అదా నిన్న ఆయన ఆడనే నిలబడింది" అని మేస్త్రి లెంపలు వేసుకున్నాడు. తక్కిన ఆరుగురూ వేసుకున్నారు.

కిరసనాయిలు పోసి, గంటసేపు తట్టి, స్క్రూను వదిలించారు. జరీ అంచు మీద దవడల గాట్లు వరసగా పడ్డాయి. ఎర్ర రంగు కుంకుమలా అంటింది. మేస్త్రి దాన్ని ప్రసాదమన్నాడు. నిన్నంతా దొరకని కత్తెర ఈసారి ఎక్కడినుంచో వెంటనే వచ్చింది. నా పెళ్ళి పంచెను ఏడు ముక్కలు చేసి మిషన్లకు కట్టారు.

వాళ్ళు పనిలో పడ్డాక, సిగ్గు విడిచి మామగారి దగ్గరికి వెళ్ళాను.

"మామా, మరి ఆ వైసు..."

"ఎట్లా ఇచ్చేది మాప్ళే? వస్త్రం కట్టిన దేవుడు. ఇంక ఈ షెడ్డు దాటే దానికి లేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నేను పుట్టి బుద్ధెరిగి ఒకే అబద్ధం చెప్పినా. దాన్ని నిలబెట్టొద్దా?" అన్నారు. ఆ ముఖంలో నవ్వు లేదు. నా కోసం ఆయన పోగొట్టుకున్నదాని ముందు వైసు ఏపాటిదనిపించి, తల వంచుకుని వచ్చేశాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఆచారం పోలేదు. ఏటా ఆయుధ పూజకు ఆ వైసుకు కొత్త పంచె నేనే తీసుకెళ్ళి, నూనె పోసిన స్క్రూ తిప్పి, దవడల మధ్య పెట్టి రావాలి. మా వంశంలో లేని ఆచారానికి నేనే పూజారిని.

అందువల్ల చదువరులారా, అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తిరిగే వస్తువుకు రంగు పూయను. ఓహో అన్నచోట ఇంకో చుట్టు బిగించను. ఒంటిమీద పంచెతో ఏ వైసుకూ బారెడు దూరంలోకి పోను. నిజానికి మూడోదాన్ని ఆ మరుసటి ఏడే అమలులో పెట్టి, ఆయుధ పూజకు ఖాకీ నిక్కరు వేసుకుని వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పై ఏడు వెళ్ళేసరికి వేలాయుధం మేస్త్రి, ఆయన వెనక ఆరుగురు పనివాళ్ళు, తలంటు పోసుకుని, విభూతి పెట్టుకుని, ఖాకీ నిక్కర్లలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.